జయలలిత జీవితాన్ని వ్యాసంగా రాయడం ఎలా: తేదీలు ముందు, విశేషణాలు తర్వాత

జయలలిత గురించి రాయబోయేవారికి సమాచారం దొరకకపోవడం అనే ఇబ్బంది ఉండదు. దొరికిన సమాచారంలో చాలా భాగం ఎవరో ఒకరు అప్పటికే తీర్పు చెప్పి ఉంచినది కావడమే అసలు ఇబ్బంది. ఆమెను ‘అమ్మ’గా కొలిచినవారు రాసిన పుటల్లో బెంగళూరు ప్రత్యేక న్యాయస్థానం కనిపించదు. ఆమెను నియంతగా చూసినవారు రాసిన పుటల్లో ఊయల శిశువుల పథకం గానీ, మహిళా పోలీసు స్టేషన్లు గానీ కనిపించవు. పత్రిక కోసమో, కళాశాల ప్రాజెక్టు కోసమో, వీడియో కథనం కోసమో ఆమె జీవితాన్ని తెలుగులో రాయాలనుకునేవారు ఈ రెండు గట్ల మధ్య నుంచి దారి చేసుకోవలసి ఉంటుంది. ఆ దారిలో చాలాసార్లు తప్పటడుగు వేసి నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ వివరంగా చెబుతాను. ఒక్క మాటలో చెప్పాలంటే, ప్రతి సంఘటనకూ ముందు తేదీ రాయాలి, ఆ తర్వాత ఆ సంగతి ఎవరు చెప్పారో రాయాలి, విశేషణం అవసరమా కాదా అన్నది ఆ రెండూ కాగితం మీద పడ్డాకే ఆలోచించాలి.

మొదటి పని: తేదీల పట్టిక

వ్యాసం మొదలుపెట్టకముందే ఒక నోటుపుస్తకంలో ఎడమవైపు సంవత్సరాలు, కుడివైపు సంఘటనలు రాసుకోండి. 1948 ఫిబ్రవరి 24న అప్పటి మైసూరు రాష్ట్రంలోని మేలుకోటెలో ఆమె పుట్టడం దగ్గర మొదలుపెట్టి, 2016 డిసెంబరు 5 రాత్రి చెన్నైలో మరణించడం వరకు వరుసగా పేర్చండి. ఇది గుమాస్తా పనిలా కనిపించవచ్చు గానీ, ప్రచారంలో ఉన్న సగం పొరపాట్లు ఈ పట్టిక దగ్గరే బయటపడతాయి.

ఉదాహరణకు ఆమెను ‘తమిళనాడు తొలి మహిళా ముఖ్యమంత్రి’ అని రాసినవారు ఇప్పటికీ కనిపిస్తారు. పట్టికలో 1988 జనవరి దగ్గర ఆగితే, నటుడు, ముఖ్యమంత్రి ఎం.జి.రామచంద్రన్ (ఎం.జి.ఆర్.) భార్య జానకి ఆ నెలలో కొద్ది వారాలపాటు ముఖ్యమంత్రిగా ఉన్నారని తెలుస్తుంది. కాబట్టి తొలి మహిళా ముఖ్యమంత్రి జానకి. ఎన్నికల్లో పార్టీని గెలిపించి ఆ పదవిలోకి వచ్చిన తొలి మహిళ జయలలిత. ఈ తేడాను చిన్న విషయమని వదిలేస్తే, తన స్థానం కోసం ఆమె ఎవరితో పోరాడవలసి వచ్చిందో పాఠకుడికి అర్థం కాకుండా పోతుంది. అలాగే ఆమె ఎన్నిసార్లు ముఖ్యమంత్రి అయ్యారన్న లెక్క ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటుంది. ప్రమాణస్వీకారాలను లెక్కపెట్టండి: 1991, 2001, 2002, 2011, 2015, 2016. మొత్తం ఆరు. వీటిలో 2002, 2015 సంవత్సరాల ప్రమాణస్వీకారాలు సార్వత్రిక ఎన్నికల తర్వాత జరిగినవి కావు. న్యాయస్థానం తీర్పు వల్ల పదవి వదులుకుని, మరో తీర్పు వల్ల తిరిగి వచ్చిన సందర్భాలు. ఆరు అనే అంకె రాసి ఊరుకోకుండా ఈ వివరం కూడా రాస్తే, ఆమె రాజకీయ జీవితం ఎన్నికల చుట్టూ ఎంత తిరిగిందో న్యాయస్థానాల చుట్టూ కూడా అంతే తిరిగిందని వేరే వ్యాఖ్యానం లేకుండానే తెలుస్తుంది.

సినిమా అధ్యాయాన్ని తొందరగా దాటేయకండి

రాజకీయాల గురించి రాయాలన్న ఆత్రంలో చాలామంది సినిమా కాలాన్ని ఒక పేరాలో ముగించి, ఆ పేరా నిండా ‘అందాల తార’, ‘వెండితెర రాణి’ వంటి మాటలు నింపుతారు. అది చేయకండి. ఆమెకు రెండేళ్ల వయసులోనే తండ్రి పోయారు. తల్లి వేదవల్లి మద్రాసు చేరి సంధ్య అనే పేరుతో నటించి కుటుంబాన్ని పోషించారు. బెంగళూరులోనూ, తర్వాత మద్రాసు చర్చ్ పార్కు పాఠశాలలోనూ చదువుకున్న కూతురు మెట్రిక్యులేషన్ కాగానే నటనలోకి వచ్చింది. కళాశాల చదువు సాగలేదు. ఈ నాలుగు వాక్యాల్లో ఉన్న ఆర్థిక ఒత్తిడిని చెప్పకుండా ‘చిన్ననాటి నుంచే వెలిగిన తార’ అని రాస్తే, పనిచేసి సంపాదించవలసి వచ్చిన ఒక అమ్మాయిని మనమే చెరిపేసినట్టు అవుతుంది.

1964లో కన్నడంలోనూ, 1965లో తమిళంలోనూ, తెలుగులోనూ నాయికగా మొదలుపెట్టి, హిందీ, ఇంగ్లిషు చిత్రాల్లో కూడా నటించి, 1980 వరకు ఆమె వందకు పైగా చిత్రాలు చేశారు. తెలుగులో మొదటిది అక్కినేని నాగేశ్వరరావు నాయకుడిగా వచ్చిన ‘మనుషులు మమతలు’. తర్వాత ఎన్.టి.రామారావు సరసన ఆమె పలు చిత్రాల్లో కనిపించారు. అందువల్ల తెలుగు పాఠకుడికి ఆమె పరాయి రాష్ట్రపు నాయకురాలు మాత్రమే కాదు, ఇంట్లో పెద్దవాళ్లు థియేటర్లో చూసి వచ్చిన మనిషి. ఆ పరిచయాన్ని వ్యాసంలో వాడుకోవడం తప్పు కాదు, అయితే దాని మీద లెక్క కూడా వేయండి. ఎం.జి.ఆర్.తో ఆమె నటించినవి 28 చిత్రాలు, 1965 నుంచి 1973 మధ్య. అంటే ఆమె చిత్రాల్లో అత్యధిక భాగం ఆయనతో చేసినవి కావు. ‘ఎం.జి.ఆర్. నాయిక’ అనే ముద్ర నిజమే గానీ, సంపూర్ణమైన నిజం కాదు.

ఆ లెక్కలోనే ఇంకొక విషయం దాగి ఉంది. వారిద్దరి చివరి చిత్రం 1973లో వచ్చింది. ఆయన పెట్టిన అన్నాడీఎంకేలో ఆమె చేరినది 1982లో. మధ్యలో తొమ్మిదేళ్లు ఉన్నాయి. సెట్లోంచి నేరుగా పార్టీ కార్యాలయంలోకి నడిచి వచ్చినట్టు రాసే కథనాలన్నీ ఈ తొమ్మిదేళ్లను మింగేస్తాయి. 1971లో తల్లి మరణించిన తర్వాతి కాలం అది. తగ్గిపోతున్న అవకాశాలు, తమిళ పత్రికల్లో ఆమె చేసిన రచనలు ఆ ఖాళీలోనే ఉన్నాయి. ఆ కాలంలో ఆమె ఒక తమిళ వారపత్రికలో తన జీవితకథను ధారావాహికగా రాయడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు. తన గురించి తాను చెప్పుకున్న మాటలు కావాలంటే వెతకవలసిన చోటు అది. ఆ తర్వాత చెప్పుకోదగినది 1999లో సిమీ గరేవాల్ చేసిన టెలివిజన్ ఇంటర్వ్యూ. అయితే తన గురించి తానే చెప్పుకున్న మాట కూడా ఒక పక్షం మాటే. అందువల్ల దాన్ని ‘ఆమె చెప్పిన ప్రకారం’ అనే ముక్కతోనే వాడండి.

ఈ అధ్యాయంలో మనవాళ్లు తరచూ చేసే పోలిక గురించి ఇక్కడే చెప్పాలి. ఎన్.టి.రామారావు 1982 మార్చిలో తెలుగుదేశం పార్టీ పెట్టారు. అదే ఏడాది జయలలిత అన్నాడీఎంకేలో చేరి, కడలూరు సభలో స్త్రీ గొప్పతనం గురించి మొదటి రాజకీయ ఉపన్యాసం చేశారు. 1983 జనవరిలో ఆయన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. అదే నెలలో ఆమె పార్టీ ప్రచార కార్యదర్శి అయ్యారు. ఒకప్పటి నాయికానాయకులు ఒకే కాలంలో రాజకీయాల్లోకి వచ్చారన్నది ఆకర్షణీయమైన విషయమే, కానీ పోలిక అక్కడితో ఆగిపోతుంది. ఆయన తన పార్టీని తానే పెట్టుకుని జనం దగ్గరకు వెళ్లారు. ఆమె ఇంకొకరు పెట్టిన పార్టీలోకి, అప్పటికే పదేళ్లుగా పాతుకుపోయిన నాయకుల మధ్యకు, వారిలో చాలామందికి ఇష్టం లేని మనిషిగా వెళ్లారు. రామారావు కొలబద్దతో ఆమెను కొలిస్తే, తర్వాతి కాలంలో పార్టీ మనుషుల పట్ల ఆమె చూపిన అపనమ్మకానికి మూలం ఎక్కడుందో కనిపించదు.

ఆమె అక్కడ నిలబడడానికి భాషలు ఎంత ఉపయోగపడ్డాయో కూడా రాయండి. 1984లో రాజ్యసభకు వెళ్లి ఇంగ్లిషులో మాట్లాడగలిగారు. అదే ఏడాది చివర ఎం.జి.ఆర్. అమెరికాలో చికిత్సలో ఉండగా జరిగిన ఎన్నికల్లో తమిళంలో ఊరూరా ప్రచారం చేయగలిగారు. పేజీలకు పేజీల సంభాషణలు కంఠస్థం చేసి, వెలుతురు కింద అలసట కనబడనివ్వకుండా నిలబడే అలవాటు సినిమా వృత్తి ఇచ్చినదే. నా ఉద్దేశంలో ఆమె రాజకీయ బలానికి సినిమా చేసిన సాయం అందం కన్నా ఈ క్రమశిక్షణ రూపంలోనే ఎక్కువ.

వివాదం ఉన్న రోజును రాయడం: 1989 మార్చి 25

1987 డిసెంబరు 24న ఎం.జి.ఆర్. మరణించారు. రాజాజీ హాలులో పార్థివదేహం పక్కన ఆమె రెండు రోజులు నిలబడ్డారు. అంతిమయాత్రలో శకటం మీది నుంచి ఆమెను కిందకు తోసేశారు. పార్టీ రెండుగా చీలింది, రెండాకుల గుర్తును ఎన్నికల సంఘం స్తంభింపజేసింది. 1989 జనవరి ఎన్నికల్లో కోడిపుంజు గుర్తు మీద జయలలిత వర్గానికి 27 స్థానాలు వచ్చాయి, జంట పావురాల గుర్తు మీద జానకి వర్గానికి 2 వచ్చాయి. వారసత్వం ఎవరిదన్న ప్రశ్నకు సమాధానం ఆ రెండు అంకెల్లో ఉంది. ఎం.జి.ఆర్. తన వారసురాలిగా ఆమెను ప్రకటించి వెళ్లినట్టు రాస్తే ఆ అంకెలకు అర్థమే లేకుండా పోతుంది. డీఎంకే అధికారంలోకి వచ్చింది, ఆమె ప్రతిపక్ష నాయకురాలయ్యారు, రెండు వర్గాలు కలిసి రెండాకుల గుర్తు తిరిగి దక్కింది.

ఆ తర్వాత వచ్చేదే మీ వ్యాసానికి అసలు పరీక్ష. 1989 మార్చి 25న శాసనసభలో ముఖ్యమంత్రి కరుణానిధి, ఆర్థిక శాఖ కూడా ఆయనదే కాబట్టి, బడ్జెట్ ప్రవేశపెడుతుండగా గొడవ చెలరేగింది. ఆ రోజు గురించి రెండు కథనాలు ఉన్నాయి. సభలో తన మీద దాడి జరిగిందనీ, ఒక మంత్రి తన చీర లాగారనీ జయలలిత చెప్పారు. డీఎంకే దాన్ని కొట్టిపారేసి, ముఖ్యమంత్రి మీదే దాడి జరిగిందని చెప్పింది. ముప్ఫై నాలుగేళ్ల తర్వాత, 2023 ఆగస్టులో లోక్‌సభలో ఈ సంఘటన మళ్లీ ప్రస్తావనకు వచ్చినప్పుడు కూడా రెండు పక్షాలూ తమ తమ మాట మీదే ఉన్నాయి.

ఇలాంటి రోజును రాసేటప్పుడు మూడు రకాల వాక్యాలను వేరువేరుగా ఉంచండి. మొదటి రకం ఎవరూ కాదనని వాక్యం: ‘1989 మార్చి 25న బడ్జెట్ సమర్పణ సమయంలో శాసనసభలో ఘర్షణ జరిగింది.’ రెండవ రకం ఒకరి పేరుతో ఉండే వాక్యం: ‘తన చీర లాగారని జయలలిత ఆరోపించారు, డీఎంకే ఖండించింది.’ మూడవ రకం పర్యవసానం చెప్పే వాక్యం: ‘ఆ తర్వాతి రెండేళ్లలో ఈ సంఘటన ఆమె ప్రచారంలో ప్రధానాంశమైంది, కౌరవసభలో ద్రౌపదితో పోలిక ఊరూరా వినిపించింది.’ ఈ మూడింటినీ కలిపేసి ‘నిండుసభలో ద్రౌపదిలా అవమానం పాలైన ఆమె’ అని ఒక్క వాక్యం చేస్తే, ఒక పక్షం కరపత్రానికీ మీ వ్యాసానికీ తేడా ఉండదు. అలాగని ‘సభలో నాటకమాడారు’ అని రాస్తే రెండో పక్షం కరపత్రం అవుతుంది. ద్రౌపది అనే మాటను పూర్తిగా తీసేయనవసరం లేదు. ఆ పోలికను ఎవరు, ఎందుకు వాడారో చెప్పండి చాలు. ఒక స్త్రీకి జరిగిన అవమానం గురించి రాసేటప్పుడు ఇంత జాగ్రత్త కఠినంగా అనిపించవచ్చు. ఆమె మాటకు పూర్తి చోటు ఇచ్చి, దాన్ని ఆమె మాటగానే నిలబెట్టడం ఆమె పట్ల అగౌరవం కాదని నేను నమ్ముతాను.

1991 ఎన్నికలకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. కాంగ్రెస్‌తో కలిసి అన్నాడీఎంకే కూటమి 234 స్థానాల్లో 225 గెలిచింది, ఆమె 43 ఏళ్లకు ముఖ్యమంత్రి అయ్యారు. ఇది ప్రతీకారం తీరిన ఘట్టంగా రాయడానికి చేయి ఉవ్విళ్లూరుతుంది. కానీ ఆ ఎన్నికలకు ముందు, 1991 మే 21న, అదే కూటమి ప్రచారానికి వచ్చిన రాజీవ్ గాంధీ శ్రీపెరుంబుదూరులో హత్యకు గురయ్యారు. ఆ సానుభూతిని ప్రస్తావించకుండా ఆ విజయాన్ని వివరించలేము.

కేసుల గురించి రాసేటప్పుడు

పాఠకుడు ఎక్కువగా పొరబడేది ఇక్కడే, రాసేవారు ఎక్కువగా తొందరపడేదీ ఇక్కడే. నేను మొదటిసారి ఒక ఆదివారం అనుబంధానికి ఆమె గురించి రాసినప్పుడు, 2017లో సుప్రీంకోర్టు ఆమెకు శిక్ష వేసిందని రాశాను. తీర్పు చదవకుండా, అప్పటి వార్తాశీర్షికల జ్ఞాపకం మీద రాసిన వాక్యం అది. న్యాయవాది అయిన ఒక పాఠకుడు ఫోన్ చేసి, చనిపోయిన మనిషికి శిక్ష ఎలా వేస్తారని అడిగారు. అప్పటినుంచి కేసుల విషయంలో తీర్పు ప్రతిని ఎదురుగా పెట్టుకోకుండా ఒక్క వాక్యం కూడా రాయలేదు. సుప్రీంకోర్టు తీర్పులు ఎవరైనా అంతర్జాలంలో ఉచితంగా చదువుకోవచ్చు. మీరూ అలాగే చేయండి.

ముందుగా కేసులను విడదీయండి. 1996 ఎన్నికల్లో ఆమె పార్టీకి నాలుగు స్థానాలే మిగిలాయి, బర్గూరులో ఆమె కూడా ఓడిపోయారు. అదే ఏడాది డిసెంబరులో కలర్ టీవీల కొనుగోలు కేసులో అరెస్టయి జైలుకు వెళ్లారు. ఆ కేసులో 2000 మేలో నిర్దోషిగా విడుదలయ్యారు. టాన్సీ (రాష్ట్ర ప్రభుత్వ చిన్న పరిశ్రమల సంస్థ) భూముల కేసు వేరు. అందులో 2000 అక్టోబరులో శిక్ష పడింది, 2001 డిసెంబరులో మద్రాసు హైకోర్టు ఆ శిక్షను కొట్టివేసింది, 2003 నవంబరులో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును సమర్థించింది. ఆదాయానికి మించిన ఆస్తుల కేసు ఇంకా వేరు. ఈ మూడింటినీ కలిపి ‘అవినీతి కేసులో జైలుకెళ్లారు’ అని రాసేవారు, విడుదలైన కేసులో దోషిగానూ, దోషిగా తేలిన కేసులో నిర్దోషిగానూ చూపించే ప్రమాదం ఉంది.

టాన్సీ కేసు శిక్ష వల్లనే 2001లో భారత రాజ్యాంగ చరిత్రలో నిలిచిపోయిన ఒక ఘట్టం జరిగింది. ఆమె నాలుగు నియోజకవర్గాల్లో నామినేషన్లు వేస్తే నాలుగూ తిరస్కరణకు గురయ్యాయి. వాటిలో రెండింటికి కారణం శిక్ష, మిగతా రెండింటికి కారణం ఒకే మనిషి రెండు స్థానాలకు మించి పోటీ చేయరాదన్న నిబంధన. పార్టీ గెలిచింది. శాసనసభ్యురాలు కాకుండానే 2001 మే 14న గవర్నర్ ఫాతిమా బీవీ ఆమెతో ప్రమాణం చేయించారు. సభ్యత్వం లేనివారు ఆరు నెలలు మంత్రిగా ఉండవచ్చునన్న రాజ్యాంగ నిబంధన, పోటీకే అనర్హులైనవారికి వర్తించదని సెప్టెంబరు 21న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పి ఆ నియామకాన్ని కొట్టివేసింది. ఓ.పన్నీర్‌సెల్వం ముఖ్యమంత్రి అయ్యారు. శిక్ష రద్దయ్యాక ఆండిపట్టి ఉపఎన్నికలో గెలిచి 2002 మార్చిలో ఆమె తిరిగి వచ్చారు. ప్రజలు గెలిపించినా చట్టం అడ్డుకోగలదా అన్న ప్రశ్న ఇక్కడ ఉంది కాబట్టి ఈ ఘట్టానికి వ్యాసంలో రెండు పేరాల చోటైనా ఇవ్వాలని నా అభిప్రాయం.

ఇక ఆస్తుల కేసు. పాఠకుల మనసులో దీని బొమ్మ చీరలు, చెప్పులు, నగలతో నిండి ఉంటుంది, ఎందుకంటే 1996 సోదాల నాటి దృశ్యాలు అలా స్థిరపడ్డాయి. కేసు బరువంతా మాత్రం వాటి మీద లేదు. 1991 జూలై నుంచి 1996 ఏప్రిల్ వరకు ఉన్న కాలంలో ఆమె, ఆమె సన్నిహితురాలు శశికళ సహా మరో ముగ్గురు కలిసి, అనేక సంస్థల పేర్ల మీద కొన్న భూములు, భవనాలు, పెట్టుబడులు తెలిసిన ఆదాయానికి సరిపోతాయా అన్నదే ప్రశ్న. అభియోగపత్రం మించిన ఆస్తి రూ.66.65 కోట్లని చెప్పింది. న్యాయమైన విచారణ కోసమని సుప్రీంకోర్టు 2003లో కేసును కర్ణాటకకు బదిలీ చేసింది. 2014 సెప్టెంబరు 27న బెంగళూరు ప్రత్యేక న్యాయమూర్తి జాన్ మైఖేల్ డికున్హా, ఆస్తులు రూ.55.02 కోట్లు, ఖర్చు రూ.8.49 కోట్లు, ఆదాయం రూ.9.91 కోట్లుగా తేల్చారు. మొదటి రెండూ కూడి మూడోది తీసేస్తే రూ.53.60 కోట్లు. అదే ఆయన నిర్ణయించిన మించిన ఆస్తి. నాలుగేళ్ల జైలు, రూ.100 కోట్ల జరిమానా విధించారు. పదవిలో ఉండగా శిక్ష పడి శాసనసభ సభ్యత్వం కోల్పోయిన తొలి ముఖ్యమంత్రి ఆమే.

2015 మే 11న కర్ణాటక హైకోర్టు అందరినీ నిర్దోషులుగా ప్రకటించింది. ఇక్కడ మీరు చేత్తో కూడిక చేసి చూడవలసిన పని ఉంది. హైకోర్టు లెక్క ప్రకారం ఆస్తులు రూ.37.59 కోట్లు, ఆదాయం రూ.34.76 కోట్లు, తేడా రూ.2.82 కోట్లు, అంటే ఆదాయంలో 8.12 శాతం. పది శాతం లోపు తేడాను ఉపేక్షించవచ్చునన్న పాత తీర్పుల ఆధారంగా విడుదల చేశారు. అయితే ఆదాయంలో కలిపిన బ్యాంకు రుణాల పట్టికను తీర్పులో రూ.24.17 కోట్లుగా కూడారు. అదే పట్టికలోని పద్దులను వరుసగా కూడితే వచ్చేది రూ.10.67 కోట్లు మాత్రమే. రూ.13.50 కోట్ల తేడా. ఆదాయం నుంచి ఆ మొత్తాన్ని తీసేస్తే ఆదాయం దాదాపు రూ.21.26 కోట్లకు తగ్గుతుంది, మించిన ఆస్తి రూ.16.32 కోట్లకు పెరుగుతుంది, శాతం 8 నుంచి 76 దాటిపోతుంది. నేను ఆ పట్టికను కాగితం మీద దించుకుని కూడి చూసిన రోజు, ఈ కేసు గురించి అప్పటివరకు చదివిన వ్యాఖ్యానాలన్నిటికన్నా ఆ ఒక్క కూడిక ఎక్కువ చెప్పింది. పాఠకుడిని కూడా ఆ కూడిక దగ్గరకు తీసుకువెళ్లండి. ‘వివాదాస్పదమైన తీర్పు’ అనే డొల్లమాట అప్పుడు మీకు అవసరం ఉండదు.

చివరి మెట్టును ఇలా రాస్తే తప్పు పోదు: ‘2017 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును పక్కనపెట్టి, శశికళ సహా మిగతా ముగ్గురి విషయంలో విచారణ న్యాయస్థానం తీర్పును పునరుద్ధరించింది, జయలలిత అప్పటికే మరణించినందున ఆమెకు సంబంధించిన అప్పీలు అంతటితో ముగిసిపోయినట్టు ప్రకటించింది.’ ఈ వాక్యం పొడవుగా ఉందని కుదించకండి. కుదించిన ప్రతిసారీ అది ‘సుప్రీంకోర్టు దోషిగా తేల్చింది’ అనో, ‘నిర్దోషిగానే కన్నుమూశారు’ అనో మారిపోతుంది. ఆ రెండూ తప్పే. ఆ తీర్పు ఆమె పాత్రను కూడా వివరంగా చర్చించిందన్న సంగతిని మాత్రం వేరే వాక్యంలో చెప్పవచ్చు.

పాలన గురించి

పథకాల జాబితా రాయడం సులభం కాబట్టి చాలామంది అదే రాసి ఊరుకుంటారు. దాని బదులు ఒకటి రెండు తీసుకుని దగ్గరగా చూపించండి. ఆడశిశువుల హత్యలు ఆగడానికి, వద్దనుకున్న బిడ్డను తెచ్చి వదిలిపెట్టగలిగేలా 1992లో సేలం జిల్లాలో ఊయలలు పెట్టించారు. ‘బిడ్డను చంపకండి, మాకివ్వండి’ అనడంలోని అర్థాన్ని రాస్తే ఆ పథకంలోని దయ, ఆ సమాజంలోని దుఃఖం రెండూ కనిపిస్తాయి. 2013లో చెన్నైలో మొదలైన అమ్మ ఉణవగాల్లో (అమ్మ క్యాంటీన్లలో) ఇడ్లీ ఒక రూపాయి, పెరుగన్నం మూడు రూపాయలు, సాంబారన్నం ఐదు రూపాయలు. తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన అన్న క్యాంటీన్ల గురించి తెలిసిన మన పాఠకుడికి ఆ ఆలోచన ఎంత దూరం ప్రయాణించిందో చెప్పనవసరం లేదు. అయితే ఉప్పు దగ్గర నుంచి మంచినీళ్ల సీసా దాకా ప్రభుత్వ డబ్బుతో చేసిన ప్రతి వస్తువు మీదా ఒక నాయకురాలి పిలుపుపేరు ఉండడం గురించి కూడా అదే పేరాలో రాయాలి.

ఒకే నిర్ణయం ఇద్దరికి రెండు రకాలుగా కనిపించే సందర్భానికి 2003ను తీసుకోండి. ఆ ఏడాది జూలైలో సమ్మె చేసిన ప్రభుత్వ ఉద్యోగులను, ఉపాధ్యాయులను లక్షన్నరకు పైగా ఒక్కసారిగా ఉద్యోగాల నుంచి తొలగించారు. ఉద్యోగులకు సమ్మె హక్కు లేదని సుప్రీంకోర్టు ఆగస్టులో చెప్పింది, అయినా అత్యధికులను తిరిగి చేర్చుకోవలసి వచ్చింది. దీన్ని ‘ఉక్కు సంకల్పం’ అని మెచ్చుకున్నవారికీ, ఆ నెల జీతం లేక ఇల్లు గడవని ఉపాధ్యాయుడికీ ఒకే తేదీ కింద చోటివ్వండి. 69 శాతం రిజర్వేషన్లను కాపాడడానికి 1994లో 76వ రాజ్యాంగ సవరణ ద్వారా రాష్ట్ర చట్టాన్ని, చట్టాలకు న్యాయస్థానాల్లో సవాళ్ల నుంచి రక్షణ కోసం ఉద్దేశించిన తొమ్మిదవ షెడ్యూలులో చేర్పించడం, 1999 ఏప్రిల్‌లో మద్దతు ఉపసంహరించి వాజపేయి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోవడానికి కారణం కావడం కూడా విడవకూడనివే. వీటికి ఎక్కువ స్థలం అక్కర్లేదు.

వ్యాసాన్ని ఎక్కడ ఆపాలి

2016 సెప్టెంబరు 22న ఆసుపత్రిలో చేరడం, 75 రోజుల తర్వాత మరణం, మెరీనా తీరాన ఎం.జి.ఆర్. సమాధి దగ్గర ఖననం. చాలా వ్యాసాలు ఇక్కడితో ముగుస్తాయి. ఆ 75 రోజుల్లో పుట్టిన పుకార్లలో ఒక్కటి కూడా మీ వ్యాసంలోకి రానివ్వకండి. రాయదగినవి రెండు పత్రాలు ఉన్నాయి: చికిత్స సరిగానే జరిగిందని 2022లో చెప్పిన ఎయిమ్స్ వైద్యుల బృందం నివేదిక, అదే ఏడాది అక్టోబరులో శాసనసభ ముందుకు వచ్చి, శశికళ సహా కొందరి మీద విచారణ జరపాలని సిఫారసు చేసిన, ఆమె మరణంపై విచారణ జరిపిన ఆర్ముగస్వామి కమిషన్ నివేదిక. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టండి, ఒకదానితో ఇంకొకదాన్ని కొట్టేయకండి.

నాకైతే వ్యాసాన్ని మరణం దగ్గర కాకుండా పోయెస్ గార్డెన్‌లోని ఇంటి దగ్గర ఆపడం సరిగా అనిపిస్తుంది. తల్లి పేరు కలిసేలా ‘వేద నిలయం’ అని పిలిచిన ఆ ఇంట్లోనే ఆమె నటిగా, నాయకురాలిగా, ముఖ్యమంత్రిగా బతికారు. సోదాలు జరిగినదీ ఆ ఇంట్లోనే. దాన్ని స్మారకంగా మార్చడానికి 2020లో రాష్ట్ర ప్రభుత్వం స్వాధీనం చేసుకుంటే, 2021 నవంబరులో మద్రాసు హైకోర్టు ఆ స్వాధీనాన్ని కొట్టివేసింది. ఇల్లు ఆమె అన్న పిల్లలకు చేరింది.